అట్ట మీద పేరు

మా వీధికి కుళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. వచ్చిన రోజు తెల్లవారి ఐదింటికి మొదలై ఆరున్నరకల్లా ఆగిపోతాయి. ఆ గంటన్నరలో రెండు డ్రమ్ములు, ఆరు బిందెలు, బచ్చలింట్లో స్నానాల తొట్టి నింపుకోవాలి. ఆ పొద్దు నేను నాలుగో బిందె ఎత్తుతుండగా, గడపలో నిలబడి పళ్ళు తోముకుంటున్న మా ఆయన ఓబుళేసు నురగ ఉమ్మేసి తీరిగ్గా అన్నాడు.

"మీ పుస్తకాల అంగళ్ళు మూసేస్తారంట గదా."

బిందె నడుము మీద పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "ఎవరు చెప్పినారు?"

"నిన్న టీ అంగడి కాడ అనుకుంటాండిరి. ఐదింట్లో మూడు మూసి, సెల్లు షోరూమోళ్ళకు బాడుగకిస్తారంట. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఆ అంగడి తలుపు తెరిచేది నేనే. అయినా నా ఉద్యోగం సంగతి, బోరు బండ్లకు ఏజెంటుగా తిరిగే మా ఆయనకు నా కంటే ముందే తెలిసింది.

"పోతే పోనీలే," అన్నాడు నోరు పుక్కిలించి. "నీ జీతం మీదనే ఇల్లు నడస్తాండాదా ఏమన్నా? ఇంటి పట్టున ఉంటే నా ఫోన్లు ఎత్తేకి ఒక మనిషన్నా ఉంటాది. రైతులు ఫోన్ చేస్తాంటారు, నేను బోరు వేసే పాయింటు కాడ ఉంటే బండి మోతకు వినపడదు."

లోపల మంచం మీద నుంచి మా అత్త కదిరమ్మ గొంతు కలిపింది. "నన్ను ఆస్పత్రికి తీసకపోయేకి గూడా అయితాది. మన పెద్దమ్మి గూడా పిల్లోళ్ళను ఈడనే వదిలి పనికి పోతాననె."

బిందె దింపేలోపల నా పగళ్ళన్నీ పంచుకోవడం అయిపోయింది. పొద్దున ఆయన ఫోన్లకు, మధ్యాహ్నం అత్త మోకాళ్ళకు, సాయంత్రం ఆడబిడ్డ పిల్లలకు. ఉద్యోగం ఇంకా పోనేలేదు. దాని బదులు ఏం చేయాలని ఉందో నన్నెవరూ అడగనూ లేదు. ఎవరి మీదా కోపం కూడా రాలేదు నాకు, అదే విచిత్రం. వాళ్ళ ముగ్గురి అవసరాలూ నిజమైనవే. కానీ నేనొకదాన్ని ఉన్నానని, నాకూ ఏదో పోతుందని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. ఉప్మా కలిపి, అత్తకు మాత్రలు ఇచ్చి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, నా డబ్బాలో రెండు చపాతీలు పెట్టుకుని బయటపడే సరికి తొమ్మిదైంది.

మా అంగడి పేరు చిత్రావతి బుక్ హౌస్. అనంతపురంలో రెండు, ధర్మవరం, కదిరి, హిందూపురాల్లో ఒక్కొక్కటి, అన్నీ కాలేజీల దగ్గరే. మాది ఆడపిల్లల డిగ్రీ కాలేజీ గేటుకు ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు జూన్, జూలైల్లో గేటు దాకా వరస ఉండేది. ఇప్పుడు రికార్డు పుస్తకాలూ పెన్నులూ తప్ప పెద్దగా పోవు. పాఠం మొత్తం ఫోన్లోకి వచ్చేసింది. అరల్లో తెలుగు మీడియం పుస్తకాల మీద ఎర్రదుమ్ము పేరుకుంటే వారానికి రెండుసార్లు నేనే తుడుస్తాను. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయ్యాక ఆ పుస్తకాలను అడిగేవాళ్ళు లేరు. లేరని అందరూ అనుకుంటారు.

మేనేజరు ఆదెన్న పదకొండింటికి వచ్చాడు. అడిగాను.

"అన్నా, అంగడి మూస్తారంటనే?"

"ఎవరన్నారు నీకు?" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బేస్తవారం సార్ మీటింగు పెట్టినాడు, మెయిన్ అంగట్లో. మేనేజర్లకు మాత్రమే. చూద్దాంలే. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు. నీకేమమ్మా, మొగుడు సంపాదిస్తాండాడు. మా అట్లాంటోళ్ళదే కష్టం."

అని టీకి పోయాడు. మళ్ళీ ఒంటిగంటకు వచ్చాడు. ఏ పుస్తకం ఎన్ని తెప్పించాలో, ఏ లెక్చరరు ఈ ఏడు ఏ పుస్తకం చెబుతున్నారో, ఏది తిప్పి పంపాలో అన్నీ నేనే చూస్తాను. కాయితాల్లో మాత్రం నేను హెల్పర్‌ని. చేరిన మొదటి నెలలో రాసిన మాట అది, ఇంతవరకూ ఎవరూ మార్చలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఉన్నది పోతుందేమోనని భయం. ఇప్పుడు అడగకపోయినా పోయేలా ఉంది.

ఆ మధ్యాహ్నం గిరాకీ లేదు. స్టూలు మీద కూర్చుని ఆలోచించాను, ఈ అంగడి పోతే నాకు సరిగ్గా ఏం పోతుందని. జీతం పోతుంది, నిజమే. గురుకులంలో తొమ్మిది చదువుతున్న మా పాపకు నేను ఎవరినీ అడగకుండా కొనిచ్చే చిన్నచిన్నవన్నీ ఆగిపోతాయి. కానీ నా గుండెలో బరువుగా ఉన్నది అది కాదు. నన్ను మల్లీశ్వరి అని పిలిచేది ఇక్కడే. ఇంట్లో ఏమే, మ్మేయ్, పాప తల్లి. వీధిలో బోరు ఓబుళేసు పెండ్లాం. బీఎస్సీ బాటనీ రెండో ఏడాదిలో ఉండగా పెళ్ళి చేశారు. చదువుకున్న కోడలని మొదట్లో అందరికీ చెప్పుకున్నారు కానీ, ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే మాత్రం ఏదో తప్పు చేస్తున్నట్టు చూసేవాళ్ళు. "సదివింది సాల్లే, పప్పు మాడతాండాది" అనేది అత్త. పప్పు మాడేది కాదు. అయినా లేచి చూసి వచ్చేదాన్ని. అక్కడే ఆగిపోయిన వాక్యాలు ఈ అంగడిలో, గిరాకీ లేని ఇట్లాంటి మధ్యాహ్నాల్లో, పదకొండేళ్ళుగా పూర్తి చేసుకుంటూ వచ్చాను. బాటనీ, జువాలజీ, ఎకనామిక్స్, ఏది దొరికితే అది. అది నా జీతంలో ఎక్కడా కనపడని జీతం.

రెండింటికి హేమలత వచ్చింది. బత్తలపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, బీఎస్సీ మొదటి ఏడు. పదో తరగతి దాకా పల్లెలో తెలుగులో చదివి, ఇంటర్ ఎట్లాగో గట్టెక్కింది. చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, కళ్ళల్లో నీళ్ళు.

"అక్కా, ఈ జియోట్రోపిజం అంటే ఏందక్కా? మేడమ్ చెప్తాంటే అందరూ తల ఊపినారు. నేనూ ఊపినా. ఏమీ అర్థం కాలా."

"మీకు చేనుండాదా?"

"ఉండాది. బుడ్డలు వేస్తాం."

"బుడ్డల చెట్టుకు పువ్వు పూసినాక ఏమైతాది?"

"ఊడ దిగుతాది."

"యాడికి దిగుతాది?"

"భూమిలోకి."

"పైకి ఏంటికి పోదు? ఎవరన్నా పట్టి లాగుతాండారా? భూమి లాగే దిక్కుకే అది పెరుగుతాది. అదే జియోట్రోపిజం. నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తాండావు, దాని పేరే నీకు తెలీదు."

ఆ పిల్ల ముఖం వెలిగింది. మా నాయనకు గార్లదిన్నె దగ్గర నాలుగెకరాల వేరుశనగ చేను ఉండేది, మా వైపు బుడ్డలంటాం. నాకు బాటనీ అర్థమైంది క్లాసులో కాదు, ఆ చేలోనే. రైజోబియం అంటే చెట్టు పీకితే వేళ్ళకు కనపడే బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా. మధ్యాహ్నం ఎండకు వేరుశనగ ఆకు ముడుచుకుంటే అది నీళ్ళు దాచుకోవడం. రెండేళ్ళ కిందట ఒక పిల్లకు ఇట్లా చెబుతూ, మళ్ళీ మరిచిపోతుందని ఒక తెల్లకాయితం మీద రాసిచ్చాను. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, పక్కన పలికే తీరు, కుడి వైపు మన చేలోని సంగతి. తర్వాత ఇంకో పిల్ల అడిగింది. ఇంకొకతె అడిగింది. రాసి రాసి అరవై కాయితాల దాకా అయ్యాయి. వాటిని అట్టపెట్టెలో పెట్టి, అడిగిన వాళ్ళకు ఇచ్చి, మళ్ళీ తెచ్చివ్వమనేదాన్ని.

ఆ రోజు హేమలతకు ఇవ్వడానికి ఆ కాయితం కనపడలేదు. ఎవరో తెచ్చివ్వలేదు. పక్కనున్న జిరాక్సు అంగడిలో ఏమన్నా కాపీ ఉందేమో చూద్దామని హేమలతను తీసుకుని వెళ్ళాను. ఆ అంగడాయన తల ఎత్తకుండానే, "బాటనీ మాటలా? మొత్తం సెట్టా, సగమా?" అన్నాడు.

"ఏం సెట్టన్నా?"

ఆయన బల్ల కింది నుంచి ఒక కట్ట తీశాడు. నా రాత. నా 'ళ' కొంచెం వంకరగా ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను. పైన దారంతో కుట్టి, పక్కనే మరో పది కట్టలు.

"ఈ నెలంతా ఇదే పోతాండాది. ఆడపిల్లలే కాదు, గార్లదిన్నె నుంచి, బుక్కరాయసముద్రం నుంచి మగపిల్లలు గూడా వస్తాండారు. ఎవరో లెచ్చరరు రాసినాడంట, పెద్దాయన. బాగా చేను తెలిసినోడు అనుకుంటా."

"ఆయన కాదన్నా!" అంది హేమలత. "రాసింది ఈ అక్కే."

ఆయన మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు. పక్కంగడిలో పదకొండేళ్ళుగా ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు. "నువ్వా తల్లీ!" అని స్టూలు దగ్గరకు జరిపాడు. నేను కూర్చోలేదు. పుస్తకాలు ఎవరూ కొనడం లేదని మేం దిగులు పడుతున్న నెలలోనే, పది అడుగుల దూరంలో, పిల్లలు వరసగా నిలబడి కాయితం కొనుక్కుంటున్నారు. ఆ కాయితం నాది.

సాయంత్రం ధర్మవరం అంగడిలో పనిచేసే సువార్తకు ఫోన్ చేశాను. నా కంటే ఆరేళ్ళు చిన్నది. అక్కడి అంగడి తనే నడుపుతుంది, తనూ హెల్పరే.

"బేస్తవారం మీటింగుకు నేను పోతాండా. నువ్వూ రా."

"పిలవలేదు గదక్కా. లోపలికి రానిస్తారా?"

"మనం నడిపే అంగడి గురించి మాట్లాడుకుంటాండారు. ఎవరు పిలవాల?"

అనేసి ఫోన్ పెట్టేశాక నా మాట నాకే కొత్తగా వినపడింది.

బేస్తవారం పొద్దున అత్త చీర మార్చుకుని మంచం మీద తయారుగా కూర్చుంది. మోకాళ్ళకు ఆస్పత్రిలో చూపించే రోజు. ప్రతిసారీ నేనే సెలవు పెట్టి తీసుకుపోతాను.

"ఈ పొద్దు నాకు కుదరదు," అన్నాను ఆయనతో. "నువ్వు తీసకపో."

"నాకా? నాకు రొద్దంలో పాయింటు ఉండాది."

"నాకు మీటింగు ఉండాది."

"నిన్ను పిలిచినారా?"

"లేదు."

"మరి ఏం పోతావు, సిగ్గులేకుండా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూడు, పోయే ఉద్యోగం కోసం యుద్ధాలు ఏంటికి? నేను నిన్ను ఎప్పుడన్నా తక్కువ చేసినానా?" అన్నాడు.

తక్కువ చేయలేదు. ఆయన కొట్టడు, తాగడు. ఆ రెండూ లేకపోతే ఇంక ఆడదానికి అడగడానికి ఏముంటుందని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆస్పత్రి చీటీ, పాత ఎక్సరే కవరు ఆయన చేతిలో పెట్టాను. "ఎముకల డాక్టరు రెండో అంతస్తు. అత్త మెట్లు ఎక్కలేదు, లిఫ్టు కుడి పక్క ఉండాది" అని చెప్పి చెప్పులేసుకున్నాను. వెనక్కి చూడలేదు. చూస్తే ఆగిపోతానని నాకు తెలుసు.

మెయిన్ అంగడి టవర్ క్లాకు దగ్గర. మీటింగు పైఅంతస్తులో. సువార్త బస్సు దిగి చెమటతో వచ్చింది, చేతిలో బైబిలు పెట్టుకునే చిన్న సంచి. నా సంచిలో బాటనీ కాయితాల కట్ట. మేం లోపలికి వెళ్ళే సరికి నలుగురు మేనేజర్లు, ఓనరు తిప్పేష్ సారు బల్ల చుట్టూ ఉన్నారు. ఆయనకు నలభై దాటలేదు. అంగళ్ళు పెట్టింది వాళ్ళ నాయన. ఆ పెద్దాయన పోయి మూడేళ్ళయింది.

మమ్మల్ని చూసి ఆదెన్న, "ఆఁ, వచ్చినారా, మంచిదైంది. టీలు చెప్పండమ్మా," అన్నాడు.

"టీ ఆయన కిందనే ఉండాడన్నా. ఫోన్ చేస్తే తెస్తాడు," అని ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కుర్చీ కాళ్ళు గచ్చు మీద గట్టిగా చప్పుడు చేశాయి. సువార్త పక్కన కూర్చుంది. తిప్పేష్ సారు ముందున్న లెక్కల పుస్తకం మూసి మా వైపు తిరిగాడు.

ఆయన ముఖం అలసిపోయి ఉంది. "ఏమమ్మా, చెప్పు. పీడీఎఫ్ ఊరికే ఫోన్లోకి వస్తాంటే ఇంక మన పుస్తకం ఎవరు కొంటారు?"

"అర్థమైనోళ్ళు కొనరు సార్. అర్థం కానోళ్ళు మన గేటు కాడికి వస్తాండారు. వాళ్ళకు మన దగ్గర ఏమీ లేదు."

కట్ట తీసి ఆయన ముందు పెట్టాను. మొదట మామూలుగా తిప్పాడు. తర్వాత మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆగి, పెదవులు కదిపి చదివాడు. ఎడారి మొక్కల గురించి, గుట్టల్లోని బ్రహ్మజెముడు ఆకును ముల్లు చేసుకుని నీళ్ళెట్లా దాచుకుంటుందో రాసిన కాయితం.

"ఇది రాసింది ఎవరు? లెక్చరరా?"

"మా అంగట్లో పిల్లే సార్," అన్నాడు ఆదెన్న ముందుకు వంగి. "నేనే రాయమని చెప్తాంటిని."

అట్లాంటివి ఎన్ని విన్నాను! నేను కనిపెట్టిన స్టాకు తప్పు ఆయన కనిపెట్టినట్టు, నేను తిరిగి సంపాదించిన కాలేజీ ఆర్డరు ఆయన తెచ్చినట్టు. ప్రతిసారీ పోనీలే అనుకున్నాను. ఆ పొద్దు పోనివ్వలేకపోయాను.

"అన్నా, నువ్వీ కాయితాలను చూసేది ఈ పొద్దే గదా," అన్నాను.

కదిరి మేనేజరు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆదెన్న కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇట్లాంటివి మనమే పుస్తకంగా వేసి అమ్ముదామని తర్వాత అరగంట మాట్లాడాను. మధ్యలో సువార్త అందుకుంది. ధర్మవరంలో మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు కామర్స్‌లో ఏ మాటల దగ్గర ఆగిపోతున్నారో తను చెప్పింది. తిప్పేష్ సారు ఏదీ ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. కాయితాలు కాలేజీలో బాటనీ మేడమ్‌కు చూపిస్తానన్నాడు. కట్ట అక్కడే ఇచ్చి వచ్చాను.

ఇంటికి పోయే సరికి అత్త మంచం మీద కోపంగా ఉంది. నా మీద అనుకున్నాను. "వాడు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి బయట ఫోన్ మాట్లాడుకుంటా ఉండిపాయె. నా పేరు పిలిస్తే పలికేటోడు లేడు. మ్మేయ్, నువ్వెట్ల తిప్పుతాంటివే నన్ను ఇన్నేండ్లు?" అంది. పదహారేళ్ళలో ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదలు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నాలుగు బోర్లు తవ్వి వచ్చినవాడిలా. "ఆ వరసలో మనిషి నిలబడేది కాదు," అని మాత్రం అన్నాడు. కంచాలు మాత్రం ఆ పూట కూడా నేనే కడిగాను. ఒక్క రోజులో అన్నీ మారవు. అయినా వచ్చే నెల చీటీ మీద డాక్టరు రాసిన తారీఖును ఆయన తన ఫోన్లో పెట్టుకోవడం చూశాను.

వారానికి తిప్పేష్ సారు మా అంగడికే వచ్చాడు. మేడమ్ రెండు తప్పులు దిద్దారట, మిగతాది బాగుందన్నారట. పుస్తకంగా వేస్తామన్నాడు. అట్ట నమూనా కూడా తెచ్చాడు. ఆకుపచ్చ అట్ట, మీద వేరుశనగ చెట్టు వేళ్ళతో సహా. పైన 'చేలో బాటనీ' అని పేరు. కింద సన్నగా 'చిత్రావతి సంపాదక వర్గం'.

"సంపాదక వర్గమంటే ఎవరు సార్?"

"ఎవరని గాదు. అట్ల వేస్తారమ్మా మామూలుగా."

"పేరుతో ఏం పని మల్లీ?" అన్నాడు ఆదెన్న. "పుస్తకం వస్తాండాది, అంగడి నిలబడతాది. అది చాలదా?"

చాలదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఇంతకు ముందైతే చాలనేదాన్నే. అన్నం వండిన చేయి ఎవరిదని ఎవరూ రాయరు. వాకిలి ఊడ్చినామె పేరు వాకిట్లో ఉండదు. పేరు పడని పని చేసీ చేసీ, పేరు అడగడమే దురాశ అనిపించేటట్టు తయారయ్యాను. కానీ ఈ కాయితాల్లో మా నాయన చేను ఉంది. ఆగిపోయిన నా చదువుంది. అరల మధ్య స్టూలు మీద గడిచిన పదకొండేళ్ళ మధ్యాహ్నాలున్నాయి. ఇవి వర్గం రాసినవి కావు. ఒక మనిషి రాసింది. అంగడి నిలబడితే నా ఉద్యోగమూ నిలబడుతుంది, కాదంటే రెండూ పోవచ్చు. అది తెలిసే అన్నాను.

"అట్లయితే సార్, ఆ వర్గంతోనే రాయించుకోండి. నా కాయితాలు నాకు ఇచ్చేయండి."

తిప్పేష్ సారు అట్టను తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత జేబులో నుంచి పెన్ను తీసి, ఆ సన్నటి అక్షరాలను కొట్టేసి, "పేరు ఎట్ల రాయాల? ఇంటిపేరు చెప్పు," అన్నాడు.

పుట్టింటిదా, అత్తింటిదా అని ఒక్క క్షణం తడుముకున్నాను. "ఇంటిపేరు వద్దు సార్. మల్లీశ్వరి. అంతే."

పుస్తకం దసరా సెలవుల తర్వాత వచ్చింది. హిందూపురం, కదిరి అంగళ్ళను మాత్రం అంతకు ముందే మూసేశారు. అక్కడ పనిచేసేవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మిగతా మూడింటినీ ఈ విద్యా సంవత్సరం దాకా చూద్దామన్నారు. సెమిస్టరు పరీక్షల ముందు షేర్ ఆటోల్లో పిల్లలు దిగి, గేటు దాటకముందే మా అంగడికి వచ్చారు. పక్కన జిరాక్సు ఆయన కట్టలు కుట్టడం ఆపేసి, అడిగిన వాళ్ళందరినీ మా దగ్గరికి పంపుతున్నాడు. మొదటిసారి వేసినవి అయిపోయాయి, రెండోసారి వేస్తున్నారు. హెల్పర్ అన్న మాట కొట్టేసి కాయితాల్లో ఇన్‌చార్జి అని రాశారు. మా ఆయన ఫోన్లో ఎవరో రైతుతో, "మా ఇంటామె రాసిన బుక్కప్పా, మీ పాపకు ఇప్పించు," అనడం వంటింట్లోంచి విన్నాను. గర్వపడటం ఆయనకు తొందరగానే వచ్చింది. కంచం కడగటం ఇంకా నేర్చుకుంటున్నాడు.

నిన్న గిరాకీ మధ్యలో సువార్త ఫోన్ చేసింది.

"అక్కా, ఏప్రిల్ తర్వాత మన అంగళ్ళు ఉంటాయంటావా?"

"తెలీదు సువార్తా. ఉన్నా, లేకున్నా, నువ్వు ఒక నోటు బుక్కు తీసుకో. మీ పిల్లోళ్ళు కామర్స్‌లో ఏ మాట కాడ ఆగిపోతాండారో, మగ్గం సంగతులతో దాన్ని ఎట్ల చెప్తాండావో, అన్నీ రాసిపెట్టు. ఇంకో పుస్తకం వేద్దాం."

"నేనా? నాకు రాసేకి వస్తాదా అక్కా?"

"ఆ పొద్దు మీటింగులో మాట్లాడింది ఎవరు మరి? రాయి. ఈసారి అట్ట మీద నీ పేరు ముందుంటాది."